స్టోరేజీ రీడింగులు చెరిగిపోకముందే తీసి దాచే స్క్రిప్టు

"నిన్న మధ్యాహ్నం బిల్లింగ్ ఎందుకు ఆగి ఆగి నడిచింది?" అని అడిగేది ఎప్పుడూ మర్నాడే. దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... ఈ వరసలో ఏ ఊళ్లో సర్వర్ గది చూసుకునేవాళ్లనైనా అడగండి, ఈ ప్రశ్న ఎదురుకానివాళ్లు దొరకరు. స్టోరేజీ, అంటే సర్వర్ల డేటా దాచే డిస్కుల పెట్టె, దాని స్క్రీన్ తెరిస్తే కనిపించేది ఇప్పటి సంగతి. నిన్నటిది అప్పటికే చెరిగిపోయి ఉంటుంది. ఏదో పాడై కాదు, కొత్త రీడింగుకి చోటివ్వడానికి పాతదాన్ని తీసేయడం దాని పద్ధతి. అందుకే ఆ రీడింగులను వేళకి బయటికి తెచ్చి పెట్టుకునే స్క్రిప్టు ఒకటి ఉండి తీరాలి. అది లేని చోట కారణం చెప్పడం వట్టి ఊహే.

ఉదాహరణకి ఐబీఎం స్టోర్‌వైజ్, ఫ్లాష్‌సిస్టమ్ కుటుంబం తీసుకుంటున్నాను. కమాండ్లన్నీ ఫోన్లో అవతలివాళ్లకి చెప్పినట్టు, పలికే తీరులోనే రాస్తున్నాను.

ఈ పెట్టెలో రెండు రకాల లెక్కలుంటాయి. ఒకటి ఎల్ఎస్‌సిస్టమ్‌స్టాట్స్. ఇది చివరి అయిదు సెకన్ల సగటు చూపిస్తుంది. హిస్టరీ అని అడిగితే అయిదేసి సెకన్ల చొప్పున గడిచిన అయిదు నిమిషాలు ఇస్తుంది, అంతకు మించి వెనక్కి పోదు. పక్కనే కనిపించే పీక్ అంకె కూడా ఆ అయిదు నిమిషాలదే. ఈ రోజు మొత్తానికి పీక్ అనుకుని దాన్ని రిపోర్టులో పెట్టేవాళ్లున్నారు, అది తప్పు.

రెండోది మనకు కావలసింది. ప్రతి నోడూ (పెట్టెని నడిపే కంట్రోలర్) ఒక ఇంటర్వెల్‌కి ఒకసారి ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు రాస్తుంది. అవి డంప్స్ కింద ఐఓస్టాట్స్ అనే డైరెక్టరీలో పడతాయి. ఎన్‌వీ స్టాట్స్ అని మొదలయ్యేవి వాల్యూములవి (సర్వర్లకి డిస్కులా కనిపించే భాగాలు), ఎన్‌ఎం ఎండిస్కులవి (వాల్యూములకి చోటిచ్చే డిస్కు గుంపులు), ఎన్‌ఎన్ నోడువి, ఎన్‌డీ డ్రైవులవి. ఆ పేరు వెంట నోడు గుర్తు, ఆపైన ఏడాది నెల తేదీ ఆరంకెల్లో, గంట నిమిషం సెకను ఆరంకెల్లో ఉంటాయి. ఇంటర్వెల్ మామూలుగా 15 నిమిషాలు. స్టార్ట్‌స్టాట్స్ హైఫన్ ఇంటర్వెల్ అని ఇచ్చి 1 నుంచి 60 నిమిషాల మధ్య ఎంతైనా పెట్టుకోవచ్చు.

అసలు చిక్కు ఫైళ్ల సంఖ్య దగ్గరుంది. ఒక్కో రకానికి నోడులో 16 ఫైళ్లే నిలుస్తాయి. పదిహేడోది రాగానే అన్నిటికన్నా పాతది పోతుంది. అంటే 15 నిమిషాల ఇంటర్వెల్‌లో చేతిలో ఉండేది నాలుగు గంటలు. 5 నిమిషాలు పెడితే 80 నిమిషాలు. 1 నిమిషం పెడితే 16 నిమిషాలే. సన్నగా చూడాలనుకున్నకొద్దీ నిలవ తగ్గుతుంది. 5 నిమిషాలే పెట్టుకోమంటాను. 15 నిమిషాల సగటులో మూడు నిమిషాల తాకిడి కలిసిపోయి కనబడదు. 1 నిమిషం పెడితే స్క్రిప్టు ఒక్కసారి తప్పినా నష్టమే. 5 నిమిషాల ఇంటర్వెల్, 20 నిమిషాలకోసారి క్రాన్ (చెప్పిన వేళకి స్క్రిప్టుని నడిపే లినక్స్ సదుపాయం) అయితే ఒక్కో ఫైలు మన చేతికి రావడానికి నాలుగు అవకాశాలుంటాయి.

ఇక్కడే తరచూ జరిగే నష్టం ఒకటుంది. సపోర్టు ఇంజినీరు ఏదో పరిశీలనకి ఇంటర్వెల్‌ని 1 నిమిషానికి మార్చి, పని కాగానే వెళ్లిపోతాడు. మీ 20 నిమిషాల క్రాన్ ప్రతి విడతలో నాలుగు నిమిషాలు పోగొట్టుకుంటూ పోతుంది, ఎక్కడా ఎర్రర్ రాదు. అందుకని స్క్రిప్టు మొదట చేయాల్సింది ఎల్ఎస్‌సిస్టమ్ అడిగి అందులో స్టాటిస్టిక్స్ ఫ్రీక్వెన్సీ విలువ చూడటం. అది 5 కాకపోతే ఫైళ్లు తెచ్చుకోవడం ఆపకుండా, మెయిల్ మాత్రం కొట్టాలి.

ఫైళ్లు తెచ్చుకునే పనిలో మరో మడత. సిస్టమ్ ఐపీకి ఎస్‌సీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు కాపీ చేసే కమాండ్) కొడితే దొరికేది కాన్ఫిగ్ నోడులో, అంటే ఆ సమయానికి పెట్టె నిర్వహణ చూసే నోడులో, ఉన్న ఫైళ్లే. రెండో నోడు ఫైళ్లను ముందు సీపీడంప్స్ హైఫన్ ప్రిఫిక్స్, డంప్స్ ఐఓస్టాట్స్ దారి, నోడు నంబరు ఇచ్చి కాన్ఫిగ్ నోడులోకి తెప్పించాలి. ఆ తర్వాతే ఎస్‌సీపీ. "రెండో నోడు" అని స్క్రిప్టులో నంబరు పాతేసి పెట్టొద్దు. ఫెయిలోవర్ అయిన రోజున, అంటే ఒక నోడు ఆగి రెండోది పని అందుకున్నప్పుడు, కాన్ఫిగ్ పాత్ర అవతలి నోడుకి మారుతుంది, స్క్రిప్టు మాత్రం పాత నంబరునే అడుగుతూ ఉంటుంది. ప్రతిసారీ ఎల్ఎస్‌నోడ్‌క్యానిస్టర్ అడిగి, కాన్ఫిగ్ నోడ్ గడిలో నో అని ఉన్న ప్రతి నోడుకీ సీపీడంప్స్ నడపాలి. డీలిమ్ ఆప్షన్‌తో కోలన్ పెట్టిస్తే గడులు విడదీయడం తేలిక. గడిని వరస సంఖ్యతో కాకుండా హెడర్‌లో పేరు వెతికి పట్టుకోండి, ఫర్మ్‌వేర్ మారినప్పుడు గడులు అటూ ఇటూ అయినా స్క్రిప్టు నిలుస్తుంది.

ఆ నోడుల జాబితా మీద వైల్ రీడ్ లూప్ రాస్తే మొదటి నోడుకే పని జరిగి ఆగిపోతుంది. లూప్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ (పెట్టెలోకి లాగినై కమాండ్ నడిపేది) మిగతా జాబితాని తన ఇన్‌పుట్ అనుకుని మింగేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కి హైఫన్ ఎన్ ఇస్తే సరిపోతుంది. దాంతోపాటు బ్యాచ్‌మోడ్ యెస్, కనెక్ట్‌టైమౌట్ 10 పెట్టండి. లేకపోతే కీ పనిచేయని రోజున అది పాస్‌వర్డ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా మొత్తం స్క్రిప్టుని ఎఫ్‌లాక్ కింద నడపండి. ఇంకో మాట: దీనికి సూపర్‌యూజర్ కీ ఇవ్వొద్దు. విడిగా ఒక యూజర్ పెట్టి, ఈ కమాండ్లు నడవడానికి ఎంత చాలితే అంత రోల్ మాత్రం ఇవ్వండి. క్రాన్‌లో కూర్చునే కీకి వాల్యూము తుడిచే హక్కు ఉండకూడదు.

ఒకే ఫైలు మళ్లీ మళ్లీ వస్తుంది, రానివ్వండి. పేరులో నోడు గుర్తూ సమయమూ ఉన్నాయి కాబట్టి రెండు ఫైళ్లకి ఒకే పేరు పడదు. ఉన్నది ఉంటే వదిలేయడం, లేనిది దాచడం, అంతే. ఎన్నిసార్లు నడిపినా చెడని స్క్రిప్టు కావాలి. దింపుకునేటప్పుడు ముందు తాత్కాలిక పేరుతో దింపి, పూర్తయ్యాక అదే ఫైల్‌సిస్టమ్‌లో పేరు మార్చండి. సగం దిగిన ఎక్స్‌ఎంఎల్ అసలు పేరుతో పడి ఉంటే, తర్వాతి విడత "ఇది ఉందిగా" అని దాటిపోతుంది. ఆ రంధ్రం ఇక పూడదు.

ఇప్పుడు ఫైలు లోపలికి. ఇందులో అంకెలు కరెంటు మీటరు రీడింగు లాంటివి. నోడు లేచినప్పటి నుంచి పేరుకుంటూ పోయే మొత్తం. బిల్లు కట్టేది మీటరు మీది అంకెకి కాదు, ఈ నెల రీడింగులోంచి పోయిన నెలది తీసేస్తే మిగిలినదానికి. ఇక్కడా అదే. ఒక వాల్యూముకి ఆర్‌ఓ అంటే చదివిన ఆపరేషన్లు, ఆర్‌బీ అంటే చదివిన బ్లాకులు, ఆర్‌ఎల్ అంటే ఆ చదువులకి పట్టిన కాలమంతా కూడితే వచ్చిన మిల్లీసెకన్లు. డబ్ల్యూఓ, డబ్ల్యూబీ, డబ్ల్యూఎల్ రాతలవి. బ్లాకు 512 బైట్లు. ఆ సంగతి ఫైలు తలలోనే సైజ్‌యూనిట్స్ అని రాసి ఉంటుంది.

ఒక వాల్యూము పది గంటలకి ఆర్‌ఓ 48,21,300, ఆర్‌ఎల్ 1,92,85,200 చూపించిందనుకుందాం. పదీ అయిదుకి ఆర్‌ఓ 48,57,300, ఆర్‌ఎల్ 1,95,73,200. తేడాలు తీస్తే 36,000 చదువులు, 2,88,000 మిల్లీసెకన్లు. 300 సెకన్లతో భాగిస్తే సెకనుకి 120 చదువులు. 2,88,000ని 36,000తో భాగిస్తే ఒక్కో చదువుకి 8 మిల్లీసెకన్లు. అదే తేడా తీయకుండా పదీ అయిదు నాటి ఆర్‌ఎల్‌ని ఆర్‌ఓతో భాగించి చూడండి, 4 మిల్లీసెకన్లు వస్తుంది. అది నోడు లేచినప్పటి నుంచీ సగటు. ఇప్పుడు రెట్టింపు నెమ్మదించిన వాల్యూము ఆ అంకెలో ఏ కష్టమూ లేనట్టు కనిపిస్తుంది. ఆర్‌బీ తేడా 11,52,000 అయితే దాన్ని 512తో గుణించి 300తో భాగించాలి, సెకనుకి 19,66,080 బైట్లు.

ఒకే వాల్యూము రెండు నోడుల ఫైళ్లలోనూ కనబడుతుంది, రెండూ కలపాలి. ఎలా కలుపుతున్నామన్నదే ముఖ్యం. ఒకటో నోడులో 36,000 చదువులకి 8 మిల్లీసెకన్లు, రెండో దాంట్లో 400 చదువులకి 40 మిల్లీసెకన్లు అనుకోండి. సగటులకి సగటు కడితే 24 వస్తుంది, అది అబద్ధం. కాలాలన్నీ కూడి చదువులన్నిటితో భాగించాలి: 3,04,000 భాగించు 36,400, అంటే దాదాపు 8.35. అందుకే ఎక్స్‌పోర్ట్ ఫైల్లో సగటు గడి ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు. పచ్చి అంకెలు ఆర్‌ఓ, ఆర్‌ఎల్, ఆర్‌బీ మూడూ ఉంచండి. సగటు నుంచి మళ్లీ మొత్తానికి పోలేం. మొత్తం ఉంటే ఏ సగటైనా ఎప్పుడైనా కట్టుకోవచ్చు.

యూనిట్ల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఆర్‌ఎల్ మిల్లీసెకన్లలో ఉంటుంది. దాని పక్కనే ఉండే ఆర్‌ఎల్‌డబ్ల్యూ, అంటే ఆ విడతలో అన్నిటికన్నా ఆలస్యమైన చదువు, మైక్రోసెకన్లలో ఉంటుంది. పైగా అది పేరుకునే మొత్తం కాదు, ప్రతి విడతకీ సున్నాకి వస్తుంది. దానికి తేడా తీయకూడదు. రెంటినీ ఒకే ఫంక్షన్‌లో తోసేస్తే గ్రాఫ్‌లో వచ్చేది పనికిమాలిన గీత.

నోడు తిరిగి లేస్తే మీటరు మార్చినట్టే, కౌంటర్లు సున్నా నుంచి మొదలవుతాయి. ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడులో నోడులు ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి కాబట్టి ఈ కుదుపు రెండు వేర్వేరు సమయాల్లో వస్తుంది. తేడా మైనస్ వచ్చిందంటే ఆ విడతకి గడి ఖాళీగా వదలండి, సున్నా రాయొద్దు. సున్నా అంటే "పని జరగలేదు", ఖాళీ అంటే "లెక్క లేదు". కరెంటు పోయి గది మొత్తం ఆగిన గంటనీ, ఎవరూ పని చేయని అర్ధరాత్రి గంటనీ ఒకే సున్నాగా చూపే రిపోర్టు నమ్మదగ్గది కాదు. అలాగే భాగించేటప్పుడు 300 అని పాతేయకుండా, రెండు ఫైళ్ల టైమ్‌స్టాంపుల మధ్య నిజంగా ఎన్ని సెకన్లున్నాయో అంతతో భాగించండి. మధ్యలో ఒక ఫైలు తప్పితే అది 600 అవుతుంది.

ఈ ఎక్స్‌ఎంఎల్‌ని పైథాన్ ఎలిమెంట్‌ట్రీతో చదివేవాళ్లకి మొదటి రోజే తగిలే దెబ్బ: వాల్యూము ట్యాగు వీడీఎస్‌కే అని వెతికితే ఒక్కటీ దొరకదు, ఎర్రరూ రాదు. ట్యాగుకి ముందు నేమ్‌స్పేస్ (మీసాల బ్రాకెట్లలో వచ్చే ఇంటిపేరు లాంటిది) అంటుకుని ఉండటమే కారణం. నేమ్‌స్పేస్‌తో కలిపి వెతకాలి, లేదా మీసాల బ్రాకెట్ మూసిన చోటి తర్వాతి భాగం మాత్రం తీసుకుని పోల్చాలి. ఆ ట్యాగులో ఐడీ అంటే వాల్యూము పేరు, ఐడీఎక్స్ దాని నంబరు. పేరు రేపు ఎవరైనా మారుస్తారు. నంబరు, వాల్యూము తీసేశాక ఇంకోదానికి వెళ్లిపోవచ్చు. రోజుకోసారి ఎల్ఎస్‌వీడిస్క్ నుంచి వాల్యూము యూఐడీ (ఆ ఒక్కదానికే ఉండే గుర్తు) తీసి పక్కన పెట్టుకుంటే ఏడాది తర్వాత కూడా ఏది ఏదో తేలుతుంది.

బ్యాకప్ కోసం లినక్స్ మీద జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ పెట్టుకున్న సర్వర్ ఉంటే పని ఇంకా తేలిక. జెడ్‌పూల్ ఐఓస్టాట్‌కి హైఫన్ హెచ్ ఇస్తే హెడర్ లేకుండా ట్యాబులతో వస్తుంది, హైఫన్ పీ ఇస్తే 1.2జీ లాంటి కుదింపులు లేకుండా పూర్తి అంకె వస్తుంది. ఒకే ఒక్క ప్రమాదం: ఇంటర్వెల్ ఇచ్చి నడిపినా మొదటి వరస పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల కూటమి) లేచినప్పటి నుంచీ సగటే. హైఫన్ వై ఇస్తే దాన్ని వదిలేసి మొదలెడుతుంది. క్రాన్‌లో ఊరికే ఒకసారి నడిపి ఆ మొదటి వరసనే రోజూ దాచుకుంటే, గ్రాఫ్ నున్నగా, ఏ గొడవా లేకుండా కనిపిస్తుంది. ఆ నునుపే అనుమానించాల్సింది.

డిస్కుల ఆరోగ్యానికి స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్ 7.0 నుంచి, స్క్రిప్టు సులువుగా చదివే జేసన్ రూపంలో ఇస్తుంది, హైఫన్ జే. సాటా డిస్కుల్లో 5, 197, 198 నంబర్లు ముఖ్యం: మార్చేసిన సెక్టార్లు, అనుమానంలో ఉన్నవి, సరిదిద్దలేనివి. 199 పెరుగుతుంటే డిస్కు మార్చే ముందు కేబుల్ చూడండి. దాని ఎగ్జిట్ కోడు బిట్ల కూడిక, సున్నా కానంత మాత్రాన కమాండ్ విఫలమైనట్టు కాదు. సెట్ హైఫన్ ఈ (సున్నా కాని కోడు రాగానే ఆగిపొమ్మనడం) పెట్టిన స్క్రిప్టు సరిగ్గా చెడిపోతున్న డిస్కు దగ్గరే ఆగిపోతుంది. ఏ డిస్కు గురించి తెలియాలో దాని వరసే రాదు.

సమయం సంగతి. టైమ్‌స్టాంపుని ఎపోక్ సెకన్లలో (1970 జనవరి 1 నుంచి యూటీసీలో లెక్క) దాచి, చూపేటప్పుడు మాత్రమే మన సమయానికి మార్చండి, 19,800 సెకన్లు కలిపితే అయిపోతుంది. మన తేడా పూర్తి గంటల్లో లేదు, అయిదున్నర. యూటీసీలో గంటల చొప్పున ముందే కూడేసిన ఫైలుని తర్వాత మన సమయానికి తిప్పితే గళ్లు 8:30 నుంచి 9:30, 9:30 నుంచి 10:30 అని వస్తాయి. తొమ్మిదింటికి తెరిచే ఆసుపత్రి ఓపీ కౌంటరు రద్దీ గడి మధ్యలో మొదలై, అంతకుముందు అరగంట ఖాళీతో కలిసి పలచబడిపోతుంది. రోజు కూడా ఉదయం అయిదున్నరకి మారుతుంది. 5 నిమిషాల వరసలు అలాగే ఉంచుకుంటే ఈ బెడద లేదు.

ఎన్ని వరసలు? 60 వాల్యూములు, 2 నోడులు, రోజుకి 288 విడతలు: 34,560. ఎక్సెల్ షీటులో పట్టేవి 10,48,576. ముప్పై రోజుల నెల 10,36,800తో ఇమిడిపోతుంది. ముప్పై ఒకటి ఉన్న నెల 10,71,360 అయి, చివరి రోజు లెక్కలో ఎక్కువ భాగం బయట మిగిలిపోతుంది. జూన్‌లో బాగున్న ఫైలు జులైలో తెగడం ఇలాగే. వారానికో ఫైలు చేయండి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన తంటా లిపి. ఫైల్ సర్వర్ మీద ఫోల్డరు వారీ వాడకం కూడా ఎక్స్‌పోర్ట్ చేస్తే పేర్లు ఒడియాలో కొన్ని, తెలుగులో కొన్ని, ఇంగ్లీషులో కొన్ని ఉంటాయి. సీఎస్‌వీని యూటీఎఫ్-8లో రాసి, మొదట్లో బీఓఎం (ఇది యూటీఎఫ్-8 అని ఎక్సెల్‌కి చెప్పే గుర్తు) మూడు బైట్లూ పెట్టండి. పైథాన్‌లో ఎన్‌కోడింగ్ పేరు యూటీఎఫ్-8-సిగ్ అంటే చాలు. అది లేకపోతే ఎక్సెల్‌లో రెండు క్లిక్కులతో తెరిచినప్పుడు పేర్లన్నీ పిచ్చి గుర్తులవుతాయి. తెలుగు అయినా ఒడియా అయినా యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. "క్షే"లో క, పొల్లు, ష, ఏత్వం, నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. ఫైలు పేరుకి లినక్స్‌లో మామూలు హద్దు 255 బైట్లు, అంటే 85 గుర్తులు. బైట్ల లెక్కన పేరు కత్తిరించే వరస స్క్రిప్టులో ఉంటే అక్షరం మధ్యలో తెగి, ఆ ఫైలు చదివే తర్వాతి ప్రోగ్రాం అక్కడే కూలుతుంది.

క్రాన్ వరసలో డేట్ ఫార్మాట్ రాసేటప్పుడు పర్సెంట్ గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. లేకపోతే క్రాన్ దాన్ని కొత్త లైనుగా తీసుకుని కమాండుని అక్కడే తుంచేస్తుంది. చేతితో నడిపితే నడుస్తుంది, క్రాన్‌లో నడవదు. డేట్ పనిని స్క్రిప్టు లోపలే పెట్టుకోవడం నయం.

ఇక స్క్రిప్టు ఎక్కడ నడవాలన్నది. బరంపురంలో కూర్చుని గజపతి జిల్లా కొండల అవతల ఉన్న పెట్టె నుంచి నేరుగా లాగుదామన్న ఆలోచన మానుకోండి. మన చేతిలో ఉన్నది 80 నిమిషాలు. వానాకాలంలో ఫైబర్ తెగితే అతికేసరికి పూటలు గడుస్తాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతిని ముంచినప్పుడు లైన్లు ఎన్నాళ్లకి నిలబడ్డాయో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. స్టోరేజీ ఉన్న గదిలోనే, అదే యూపీఎస్ మీద, ఒక చిన్న మినీ పీసీ పెట్టి దాని చేత తెప్పించండి. అది తన డిస్కులో దాచుకుంటుంది. లైను ఉన్నప్పుడు ఆర్‌సింక్‌తో పెద్దాఫీసుకి పంపుతుంది, లేనప్పుడు ఆగుతుంది. అది దాచే డిస్కు మాత్రం మనం కొలుస్తున్న స్టోరేజీలోని వాల్యూము కాకూడదు. స్టోరేజీ ఆగిన వేళే కదా లెక్క కావాల్సింది. దాని గడియారమూ స్టోరేజీ గడియారమూ ఒకే ఎన్‌టీపీ (సరైన సమయం ఇచ్చే సర్వర్) చూసేలా పెట్టండి.

స్క్రిప్టు బతికే ఉందా అన్నది స్క్రిప్టే చెప్పలేదు. పెద్దాఫీసు వైపు ఇంకో చిన్న చెక్ ఉండాలి: అన్నిటికన్నా కొత్త వరస వయసు 60 నిమిషాలు దాటితే మెయిల్. లైను తెగినా మెయిల్ వస్తుంది, రానివ్వండి, ఫోన్ చేసి ఏది ఆగిందో కనుక్కోవచ్చు.

అంతా పెట్టాక ఒక పనిదినం మధ్యాహ్నం ఆ చిన్న పీసీ నెట్‌వర్క్ వైరు పీకి సరిగ్గా 60 నిమిషాలు ఉంచి మళ్లీ పెట్టండి. తర్వాతి విడతలో పోయిన 12 శాంపిళ్లూ రెండు నోడులవీ వెనక్కి రావాలి. మరోసారి 100 నిమిషాలు పీకి ఉంచండి. ఇప్పుడు క్రాన్ వరసగా అయిదుసార్లు తప్పి, దాదాపు 40 నిమిషాల లెక్క రాదు. నోడువారీ పచ్చి సీఎస్‌వీలో ఎనిమిది దాకా శాంపిళ్లు లేకపోవాలి, వాటి తర్వాతి వరసలో సెకన్ల తేడా 300కి బదులు 2700 దాకా కనబడాలి, కూడిన రిపోర్టులో ఆ గళ్లు ఖాళీగా ఉండాలి. అక్కడ సున్నాలు కనిపిస్తే పార్సర్, అంటే ఎక్స్‌ఎంఎల్ చదివి లెక్క కట్టే భాగం, ఇంకా సరిచేయాల్సి ఉంది.